ఓరన్ పార్క్ ఎందుకు మూతపడింది? రేసింగ్ తగ్గినందుకా, శబ్దానికా, భూమికా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సిడ్నీ శివార్లలోని ఓరన్ పార్క్ ట్రాక్‌లో జరిగిన పాత టూరింగ్ కార్ రేసుల వీడియోలు చూశారు, గట్ల మీద జనం కిక్కిరిసి కనిపించారు. అంత ఆదరణ ఉన్న ట్రాక్ 2010లో మూతపడటానికి కారణం చుట్టుపక్కల వాళ్ల శబ్దం ఫిర్యాదులా, లేక ఆస్ట్రేలియాలో ప్రధాన టూరింగ్ కార్ పోటీ అయిన వీ8 సూపర్‌కార్స్ సిరీస్ దాన్ని వదిలి వెళ్లిపోవడమా అని అడుగుతున్నారు. సిడ్నీలోని మరో ట్రాక్ ఈస్టర్న్ క్రీక్‌కూ అదే గతి పడుతుందా అన్న సందేహం కూడా చివర్లో పెట్టారు.

సూటిగా చెప్పాలంటే, ఆ రెండూ అసలు కారణాలు కావు. ఓరన్ పార్క్ కింద ఉన్న భూమి ఏనాడూ రేసింగ్ సమాజానిది కాదు. ఆ భూమిలో ఇళ్లు కట్టుకోవచ్చని ప్రభుత్వం అనుమతించిన రోజునే ట్రాక్‌కు గడువు పడింది. సిరీస్ వెళ్లిపోయినందువల్ల ట్రాక్ మూతపడలేదు, మూతపడటం ఖాయమని తేలిన తర్వాతే సిరీస్ వెళ్లిపోయింది. ఈ వరుసను చాలామంది తలకిందులుగా చెబుతుంటారు.

నేను దాదాపు పదిహేనేళ్లు సిడ్నీ ట్రాక్‌లలో వారాంతాల్లో స్వచ్ఛందంగా ఫ్లాగ్ మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన జెండాలతో డ్రైవర్లను హెచ్చరించేవాడిగా, నిలబడినవాణ్ని. వారంలో మిగిలిన ఐదు రోజులూ నా ఉద్యోగం లేఅవుట్లకు రోడ్లు, మురుగు కాలువలు గీసే సివిల్ ఇంజనీరు పని. అంటే శని ఆదివారాల్లో ఏ ట్రాక్‌ను ప్రేమించానో, సోమవారం నుంచి అలాంటి నేలలోనే ప్లాట్లు ఎన్ని పడతాయో లెక్కకట్టేవాణ్ని. ఈ వింత స్థితి వల్ల ఈ విషయం నాకు రెండు వైపుల నుంచీ తెలుసు.

ముందు ట్రాక్ ఎలా ఎదిగిందో చూద్దాం. సిడ్నీ నగర కేంద్రానికి నైరుతి దిక్కున, యాభై అరవై కిలోమీటర్ల దూరంలో, నారెలన్ పక్కన పశువులు మేసే మెరక పొలాల మధ్య 1962లో ఓరన్ పార్క్ మొదలైంది. సింగర్ కార్ క్లబ్ సభ్యుల చొరవతో పుట్టిన ట్రాక్ అది. మొదట చిన్నదే, ఆ తర్వాత విడతలు విడతలుగా పొడవు పెరిగి, 1974లో ఆస్ట్రేలియన్ గ్రాండ్ ప్రి జరిగే నాటికి 2.6 కిలోమీటర్ల పూర్తి రూపానికి వచ్చింది. ఆ పొడిగింపుతోనే ట్రాక్ తన మీదుగా తానే వంతెన కట్టుకుని దాటే ఎనిమిది అంకె ఆకారం ఏర్పడింది. ఒక కారు వంతెన మీద, ఇంకో కారు దాని కింద ఒకేసారి పోతుండగా చూసినవారు ఆ దృశ్యాన్ని మరిచిపోరు. ఆ 1974 గ్రాండ్ ప్రిని మ్యాక్స్ స్టీవర్ట్, 1977లో అక్కడే జరిగిన మరో గ్రాండ్ ప్రిని వార్విక్ బ్రౌన్ గెలిచారు. 1977 రేసులో అలన్ జోన్స్ స్టార్ట్ సంకేతానికి ముందే కదిలినందుకు ఒక నిమిషం పెనాల్టీ పడింది. లేకపోతే ఫలితం వేరుగా ఉండేదని ఇప్పటికీ వాదించేవారున్నారు.

అయితే ఓరన్ పార్క్‌కు పేరు తెచ్చినవి ఒంటి సీటు కార్లు కాదు, టూరింగ్ కార్లు. టూరింగ్ కార్ అంటే రోడ్డు మీద అమ్మే కారు ఆకారాన్ని, అంటే దాని డోర్లను, పైకప్పును, ముందు వెనుక భాగాలను ఉంచుకుని లోపల రేసు కోసం మార్చిన కారు. ప్రేక్షకుడు ఇంటి దగ్గర తాను నడిపే హోల్డెన్‌నో ఫోర్డ్‌నో ట్రాక్ మీద చూసుకుంటాడు. ఆస్ట్రేలియాలో ఈ పోటీకి ఉన్న పిచ్చి అక్కడి నుంచే వచ్చింది. తర్వాత వీ8 సూపర్‌కార్స్‌గా మారిన ఆస్ట్రేలియన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ 1960లో నూ బ్లాస్ అనే ట్రాక్‌లో ఒకే ఒక్క రేసుగా మొదలైంది, దాన్ని డేవిడ్ మెకే జాగ్వార్‌తో గెలిచారు. 1968 వరకు ఏడాదికి ఒకే రేసు. 1969లో పలు ట్రాక్‌ల సిరీస్‌గా మారిన తర్వాత పాయింట్ల లెక్క చివరి రౌండు వరకు సాగే అవకాశం వచ్చింది, ఆ చివరి రౌండు ఓరన్ పార్క్‌కు పదేపదే దక్కింది.

1971 ఇందుకు మంచి ఉదాహరణ. బాబ్ జేన్ చేతిలో 7 లీటర్ల ఇంజన్ ఉన్న షెవ్రొలే కమారో, అలన్ మొఫాట్ చేతిలో 5 లీటర్ల మస్టాంగ్ బాస్ 302. ఇద్దరిలో ఎవరు ముందు ముగిస్తే వారిదే టైటిల్ అన్న స్థితిలో ఇద్దరూ ఓరన్ పార్క్‌కు వచ్చారు, జేన్ గెలిచాడు. పదహారేళ్ల తర్వాత, 1987లో, కథ అడ్డం తిరిగింది. అప్పటికి గ్రూప్ ఏ అనే కొత్త రేసు కార్ల నిబంధనలు వచ్చాయి, పెద్ద ఇంజన్ల ఆధిపత్యం పోయింది. జిమ్ రిచర్డ్స్ 2.3 లీటర్ల బీఎండబ్ల్యూ ఎం3తో చివరి రౌండులో గెలిచి, నిస్సాన్ టర్బో కారు నడిపిన గ్లెన్ సీటన్ నుంచి టైటిల్ లాక్కున్నాడు. సీటన్ ఆ బాకీని పదేళ్ల తర్వాత 1997లో అదే ట్రాక్‌లో టైటిల్ ఖాయం చేసుకుని తీర్చుకున్నాడు. మధ్యలో 1995లో జాన్ బో ఫాల్కన్‌తో టైటిల్ అందుకున్నది కూడా ఇక్కడే.

ఈ ట్రాక్ టూరింగ్ కార్లకు అంతగా ఎందుకు నప్పిందో మార్షల్‌గా నా మాట చెబుతాను. పొడవు తక్కువ, వీ8 కార్లు ఒక్క ల్యాప్‌ను నిమిషం పది సెకన్లలోపే ముగించేవి. మలుపు తర్వాత మలుపు వస్తుంది, నేల ఎగుడు దిగుడు. డ్రైవర్‌కు తిన్నగా ఊపిరి పీల్చుకునే చోటు దొరకదు, కాబట్టి ఇంజన్ బలం ఒక్కటే పని చేయదు. పైగా గట్టు మీద ఒకచోట కూర్చుంటే ట్రాక్‌లో పెద్ద భాగం కళ్లముందే ఉంటుంది. టెలివిజన్ కెమెరాలు పెట్టుకునేవారికీ ఇదే అనుకూలం. ఒక చలికాలపు క్లబ్ మీట్‌లో ఒక పాత కారు ఇంజన్ పగిలి, వంతెన దిగే చోట ట్రాక్ అడ్డంగా ఆయిల్ పోసింది. ట్రాక్ జారుతుందని హెచ్చరించే పసుపు మీద ఎర్ర చారల జెండా చూపడంలో నేను రెండు మూడు సెకన్లు ఆలస్యం చేశాను. అంత చిన్న ట్రాక్‌లో ఆ కాసేపటికే తర్వాతి గుంపు వచ్చి పడింది, మూడు కార్లు జారి గడ్డిలోకి వెళ్లాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు గానీ, సిమెంటు పొడి చల్లుతూ నేను తిన్న చీవాట్లు ఇంకా గుర్తున్నాయి. పొడవైన ట్రాక్‌లో దొరికే వెసులుబాటు అక్కడ ఉండదు.

ఇక మూసివేత సంగతి. ఇక్కడ తేదీలను వరుసగా పెట్టి చూడాలి.

ఆ భూమి తర్వాతి దశాబ్దాల్లో పాడి పరిశ్రమలో పేరున్న పెరిచ్ కుటుంబానికి చెందిన లెపింగ్టన్ పాస్టరల్ కంపెనీ చేతికి వచ్చింది. రేసింగ్‌ను వారు చాలాకాలం సాగనిచ్చారు, ఈ విషయంలో వారిని తిట్టేవారితో నేను ఏకీభవించను. 2006లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం సిడ్నీ వాయువ్య, నైరుతి దిక్కుల్లో కొత్త ఇళ్ల కోసం రెండు పెద్ద వృద్ధి కేంద్రాలకు చట్టబద్ధ రూపం ఇచ్చింది. నైరుతి కేంద్రంలో అందరికంటే ముందు రీజోనింగ్, అంటే ఇళ్లు కట్టేందుకు వీలుగా భూ వినియోగ మార్పు, పొందిన ప్రాంతాల్లో ఓరన్ పార్క్ ఒకటి, అది 2007 చివర్లో జరిగింది. అక్కడ ఏడు వేలకు పైగా ఇళ్లు రావాలన్నది ప్రణాళిక. వీ8 సూపర్‌కార్స్ చివరి రౌండు 2008 డిసెంబరులో జరిగింది. ఆ వారాంతంలోనే జేమీ విన్‌కప్ తన మొదటి టైటిల్ గెలిచాడు, మార్క్ స్కైఫ్ పూర్తికాల డ్రైవర్‌గా తన ఆఖరి రేసు నడిపాడు. ఆ తర్వాత ఏడాది పాటు క్లబ్ రేసులు, ట్రాక్ డేలు (మామూలు జనం తమ వాహనాలను ట్రాక్ మీద నడుపుకునే రోజులు) నడిచాయి. 2010 జనవరిలో గేట్లు మూశారు.

చూడండి, రీజోనింగ్ ముందు, సిరీస్ వెళ్లడం తర్వాత. సిరీస్ తన ముగింపు రౌండును 2009 డిసెంబరు నుంచి సిడ్నీ ఒలింపిక్ పార్క్ వీధుల్లోకి, రాష్ట్ర ప్రభుత్వ డబ్బు సాయంతో తీసుకువెళ్లింది. ఆ వీధి రేసు కూడా 2016తో ఆగిపోయిందన్నది వేరే సంగతి. వీధి రేసుకు శాశ్వత భూమి అక్కర్లేదు గానీ ఏటా కోట్లు పోసి గోడలు నిలబెట్టి మళ్లీ తీసేయాలి. ప్రభుత్వం చేయి తీసేసిన రోజున దాని బతుకు ముగుస్తుంది.

భూమి లెక్క ఎంత కఠినమో ఉద్యోగరీత్యా చూశాను. ఒక ట్రాక్ ఆదాయం బయటివారు ఊహించేలా పెద్ద రేసుల టిక్కెట్ల నుంచి రాదు. జాతీయ టూరింగ్ కార్ రౌండు ఏడాదికి ఒక్క వారాంతం, అందులోనూ వసూళ్లలో ఎక్కువ భాగం రేసు నిర్వాహకుడికీ సిరీస్‌కూ పోతుంది. ట్రాక్‌ను బతికించేది మిగిలిన రోజులు: డ్రైవింగ్ శిక్షణ, క్లబ్‌ల స్ప్రింట్‌లు, కంపెనీల వినోద దినాలు, మోటార్ సైకిళ్ల ట్రాక్ డేలు. ఓరన్ పార్క్ ఈ పని బాగానే చేసేది, 1988లో వరల్డ్ సూపర్‌బైక్ రౌండు కూడా అక్కడ జరిగింది. అయినా ఏటా చిల్లర చిల్లరగా వచ్చే ఆ అద్దెలను ఎన్నేళ్లు కూడబెట్టినా, అదే నేలను ఇళ్ల స్థలాలుగా ఒక్కసారి అమ్మితే వచ్చే డబ్బుకు దరిదాపుల్లోకి రావు. నా ఉద్యోగంలో ఇలాంటి పోలిక పట్టికలు ఎన్నో చూశాను. వ్యవసాయ భూమిగా ఉన్నంతకాలం ట్రాక్ మంచి పంటే. నివాస భూమి అని కాగితం మీద పడగానే ఆ వరసలో ట్రాక్ అన్న గడి ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. ఒక సంస్థ తరఫున ఇలాంటి పోలిక నేనే తయారు చేయాల్సి వచ్చింది, అది వేరే ట్రాక్ విషయం. సమావేశంలో ట్రాక్‌ను ఉంచితే ఎలా ఉంటుందన్న ప్రతిపాదన మీద చర్చ ఐదు నిమిషాలు కూడా సాగలేదు. ఆ ఐదు నిమిషాలూ నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంకో కోణం కూడా ఉంది. వేగం పెరిగేకొద్దీ ట్రాక్ చుట్టూ ఖాళీ స్థలం ఎక్కువ కావాలి. 1962లో కార్లకు సరిపోయిన గడ్డి అంచు, 600 గుర్రాల శక్తి దాటిన వీ8 సూపర్‌కార్‌కు సరిపోదు. కాంక్రీటు గోడలు దగ్గరగా ఉండటం, పిట్ లేన్ ఇరుకుగా ఉండటం ఓరన్ పార్క్‌కు చివరి ఏళ్లలో తలనొప్పి. వాటిని సరిచేయాలంటే భూమీ డబ్బూ రెండూ పెట్టాలి, గడువు తెలిసిన ట్రాక్ మీద ఎవరూ పెట్టరు. అలా పాతబడటం కూడా భూమి లెక్కలోనే కలిసిపోయింది.

మరి శబ్దం మాట? శబ్దం ఫిర్యాదులు ట్రాక్‌లను మూయించగలవు, కాదనను. అయితే వాటి తీరు వేరు. గోల్‌బర్న్ దగ్గరి వేక్‌ఫీల్డ్ పార్క్ 1994లో తెరిచారు. శబ్దం షరతులపై కోర్టు తీర్పు వచ్చాక 2022లో మూతపడింది, ఆ తర్వాత కొత్త యజమాని కొని కొత్త పేరుతో మళ్లీ తెరిచాడు. క్వీన్స్‌లాండ్‌లోని లేక్‌సైడ్ కూడా అంతే: 1961లో మొదలై, 2001లో మూతపడి, శబ్దం పరిమితులతో 2009లో మళ్లీ ప్రాణం పోసుకుంది. లేక్‌సైడ్ భూమి అప్పటికే స్థానిక కౌన్సిల్ చేతిలో ఉండటం దాన్ని కాపాడింది. శబ్దం కేసులో తారు నేల మీదే ఉంటుంది, బేరానికి చోటుంటుంది. ఇళ్ల కేసులో తారును తవ్వేస్తారు. గోల్డ్ కోస్ట్‌లో కీత్ విలియమ్స్ కట్టిన సర్ఫర్స్ ప్యారడైజ్ రేస్‌వే 1987లో మూతపడి, ఇప్పుడు ఇళ్ల కాలనీ అయింది. అది తిరిగి రాదు.

సిడ్నీ చరిత్రనే తీసుకుంటే ఈ నమూనా ఇంకా స్పష్టం. వార్విక్ ఫార్మ్ 1960లో గుర్రపు పందేల మైదానం లోపల మొదలైంది; ట్రాక్ గుర్రాల బాటను దాటే చోట తీసివేయగల పలకలు పరిచి రేసులు నడిపేవారు. స్టిర్లింగ్ మాస్, జిమ్ క్లార్క్ లాంటి ఫార్ములా వన్ డ్రైవర్లు పోటీపడిన ఆ ట్రాక్, స్థలం యజమాని అయిన జాకీ క్లబ్ దయ ఉన్నంతకాలమే నడిచి 1973లో ఆగిపోయింది. న్యూజీలాండ్‌లో పుకెకోహే కథ అచ్చం ఇదే. 1963 నుంచి గుర్రపు మైదానం చుట్టూ నడిచిన ఆ ట్రాక్‌ను 2023లో స్థలం యజమానులైన గుర్రపు పందేల సంస్థే మూసింది, టూరింగ్ కార్లకు అక్కడ ఎంత అభిమానం ఉన్నా. మళ్లీ సిడ్నీకి వస్తే, అమరూ పార్క్ 1967లో తెరిచి 1998లో మూశారు, అక్కడా ఇప్పుడు ఇళ్లే. వ్యక్తిగతంగా నాకు అమరూ మీద మమకారం ఎక్కువ. కొండ మలుపుల మధ్య చిన్న లోయలో కార్ల చప్పుడు గిన్నెలో రాళ్లు దొర్లినట్టు తిరిగేది. దాని గురించి మరెప్పుడైనా.

కాబట్టి ఏ ట్రాక్ గురించి అయినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న జనం ఎంతమంది వస్తారన్నది కాదు, పట్టా ఎవరి పేరు మీద ఉంది, ఆ భూమిని దేనికి వాడటానికి అనుమతి ఉంది, నగరం సరిహద్దు దానికి ఎంత దూరంలో ఉంది అన్నదే. ఓరన్ పార్క్‌కు ఈ మూడూ వ్యతిరేకంగానే పడ్డాయి. చివరి రౌండు నాడు గట్లు నిండిపోయిన మాట నిజమే, నేను అక్కడే ఫ్లాగ్ పాయింట్‌లో ఉన్నాను. వీడ్కోలుకు వచ్చిన ఆ జనాన్ని చూసి ట్రాక్ ఆరోగ్యాన్ని అంచనా వేయకూడదు. మామూలు క్లబ్ ఆదివారాల్లో గట్టు మీద మనుషుల కంటే మాగ్‌పై పిట్టలే ఎక్కువ కనిపించేవి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, పొలం అమ్మిన యజమానిని దోషిగా చూపడం సులువు గానీ న్యాయం కాదు. పొడవైన లీజుకో కొనుగోలుకో రేసింగ్ సమాజం ముందే డబ్బు కూడగట్టి ఉంటే వాదన వేరు. అమరూను నడిపిన ఆస్ట్రేలియన్ రేసింగ్ డ్రైవర్స్ క్లబ్ అమరూ మూయకముందే ఈస్టర్న్ క్రీక్ బాధ్యత తీసుకుని ఒక విధంగా ఆ తెలివే చూపింది. రెండోది, పేరు మిగలడాన్ని ట్రాక్ మిగలడంగా పొరబడకండి. ఇప్పుడు ఓరన్ పార్క్ అనేది ఒక పట్టణం, 2021 జనాభా లెక్కల నాటికి అక్కడి జనం 15 వేలు దాటారు. రహదారులకు పాత టూరింగ్ కార్ డ్రైవర్ల పేర్లు: ప్రధాన రహదారి పేరు పీటర్ బ్రాక్ డ్రైవ్, ఇంకొకటి డిక్ జాన్సన్ డ్రైవ్; షాపింగ్ సెంటర్ పేరు పోడియం, అంటే విజేతలు నిలబడే వేదిక. మొదటిసారి వెళ్లినప్పుడు వంతెన ఎక్కడ ఉండేదో పట్టుకుందామని గంటసేపు నడిచాను. నేల వాలును బట్టి ఒక చోట అనుమానం వచ్చింది గానీ, లేఅవుట్ పనిలో మట్టిని ఎలా చదును చేస్తారో తెలిసినవాణ్ని కనుక ఆ అనుమానాన్ని నేనే నమ్మలేదు.

ఇక ఈస్టర్న్ క్రీక్ సంగతి. ఆ ట్రాక్ 1990లో ప్రభుత్వ భూమిలో ప్రభుత్వమే కట్టించినది. అది ఇప్పుడు పశ్చిమ సిడ్నీ పార్క్‌లాండ్స్ పరిధిలో ఉంది, అంటే చుట్టూ ఇళ్లు వచ్చినా ట్రాక్ నేల మాత్రం ఉద్యానవన భూమిగా రక్షణలో ఉంటుంది. 2012లో పొడిగింపు జరిగి పొడవైన రూపం 4.5 కిలోమీటర్లకు చేరింది, పేరు సిడ్నీ మోటార్‌స్పోర్ట్ పార్క్ అయింది. తర్వాత శాశ్వత దీపాలు వచ్చాయి, 2021 చివర్లో కోవిడ్ ఆంక్షల మధ్య సూపర్‌కార్స్ వరుసగా నాలుగు వారాంతాలు అక్కడే జరిగాయి. ఒక ట్రాక్‌ను ఒక దేశపు సిరీస్ మొత్తం అలా ఆసరా చేసుకున్న సందర్భం నాకు ఇంకొకటి గుర్తు లేదు. కాబట్టి అక్కడి భయం బుల్డోజర్ కాదు. రాత్రి రేసులకు సమయ పరిమితులు, శబ్దం ఎక్కువగా ఉండే రోజుల సంఖ్య, లీజు పునరుద్ధరణ షరతులు, ఇవీ అక్కడ గమనించాల్సినవి. ఆ లీజు షరతులు బయటికి వచ్చినప్పుడల్లా నేను మొదట చూసేది అద్దె అంకెను కాదు, గడువు ఎన్నేళ్లో రాసిన పంక్తిని.